వదిన గీసిన సుద్దగీత

మా వదిన పోయింది. పోయిన వారం పొద్దున్నే అన్న ఫోన్ చేసి, "మీ వదిన లేదే చెల్లె, జల్ది రా" అని పెట్టేశాడు. నేనుండే బోధన్ నుంచి అన్నావాళ్ల నిజామాబాద్ దగ్గరే కానీ, ఆ రోజు బస్సు దారిపొడవునా చెరుకు లారీల వెనకే నడిచింది. నేను చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. సరిగ్గా ఆమె రోజూ కూర్చుని బీడీలు చేసే చోటే. అది చూడగానే ఏడుపుకంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పాలి.

మాది ఒక్క గది ఇల్లు, వెనక చిన్న వంటిల్లు. అప్పట్లో వదిన ఆ గదిలోనే గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేది. నేను డీటీపీ నేర్చుకుని, ఉద్యోగం దొరక్క గోళ్లు గిల్లుకుంటూ ఉన్న రోజులవి. ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుంటే పెళ్లిపత్రికలు, దరఖాస్తులు కొట్టుకోవచ్చని అన్నది ఆమే. అన్న నసిగితే అతన్ని ఒప్పించిందీ ఆమే.

"పెట్టు గని పిల్లా, చిన్నది పెట్టు. నా మోకాలికి తాకొద్దు" అని, చాటతో తన చోట్లో కూర్చుని, మోకాలి ముందు నేలమీద సుద్దముక్కతో గీత గీసింది. కంప్యూటర్ ఆ గీత దాటి రాకూడదు. నా ప్లానంతా గీతకు అవతలే.

నాకేమో పెద్ద సీపీయూ డబ్బా, వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలని ఆశ. అసెంబుల్ చేసే దుకాణాయన నవ్వి, "పత్రికలు కొట్టనీకి కార్డెందుకమ్మా? బొమ్మ చూపెట్టేది బోర్డులనే ఉంటది. ర్యామే జర ఎక్కువ ఏసుకోండ్రి, దాంట్లకెల్లే అది కొంత వాడుకుంటది" అన్నాడు.

"అంటె ఒక్క పళ్లెంల ఇద్దరు తినుడన్నట్టు. మా ఇంట్ల అలవాటే" అంది వదిన. అక్కడున్న వాటిలో అన్నిటికంటే చిన్న డబ్బాను ఎంచింది కూడా ఆమే. ఆ గదిలో ఇద్దరికీ చోటుండాలని ఆమె ఆరాటం.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఇటు బీడీ ఆకు కత్తిరించే ఆమె కత్తెర చప్పుడు, అటు నా కీబోర్డు చప్పుడు. నేను అయ్యో అంటే చాలు, తలెత్తకుండానే అడిగేది: "ఏం తప్పు కొట్టినవ్? పెండ్లికొడుకు పేరైతె కాదు గద?"

ఎండాకాలం రాగానే మిషన్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. దుకాణాయన ఇంటికొచ్చి డబ్బా విప్పాడు. లోపలి ఫ్యానుకు బీడీల తంబాకు పొడి అట్టలు కట్టి ఉంది. "చిన్న డబ్బా గద, గాలాడది. నెలకోపారి తెస్తే ఊదిస్త, ఏం గాదు" అన్నాడు మామూలుగా. నేను వదిన వైపు చూశాను. చూశాను, అంతే. ఆమె చాట తీసుకుని లేచింది.

"నేను బయట కూసుంట తియ్. గాలన్న తగుల్తది" అంది.

నెలకోసారి డబ్బా మోసుకుపోవడం ఏమంత పని? "వదినా, లోపలికి రా" అనడం అంతకంటే తేలిక. నేను ఏదీ చేయలేదు. నిజం చెప్పాలంటే, ఆమె బయటికి పోవడం నాకు హాయిగానే ఉండింది. పత్రికల కోసం వచ్చేవాళ్లకు గదిలో తంబాకు వాసన రాదు. వాళ్లు వాకిట్లో ఆగి అడిగితే, వదిన చేతిలో ఆకు వదలకుండానే, "మా కంప్యూటర్ మేడం లోపలున్నది, పోండ్రి" అనేది. అందులో ఎకసెక్కం ఏమీ లేదు, నన్ను చూసి నిజంగానే మురిసిపోయేది మహాతల్లి. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల వంచుకుని స్క్రీను చూసుకునేదాన్ని.

ఎండ జరిగితే తానూ జరిగి, చలికి చెద్దరు కప్పుకుని, వానొస్తే చాట మీద కొంగు కప్పి గోడకు ఒత్తుకుని, ఆమె అక్కడే పని చేసుకుంది. ఆ గదిలో కొట్టిన పత్రికల పుణ్యాన నేను బోధన్‌లో సొంతంగా డీటీపీ సెంటర్ పెట్టుకున్నాను. మిషన్ నాతోపాటు వెళ్లిపోయాక కూడా వదిన లోపలికి మారలేదు. ఎందుకని నేను అడగలేదు.

వదిన పోయిన ఆ పొద్దున ఎండ మెల్లగా వాకిట్లోకి దిగి ఆమె ముఖం మీదికి వచ్చింది. ఉండబట్టలేక, "అన్నా, వదినను లోపలికి తీస్కపోదాం. ఎండ పడ్తున్నది" అన్నాను. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు నా వైపు వింతగా చూశారు.

అన్న కళ్లు తుడుచుకుని, "బయట పెట్టినంక మళ్ల లోపలికి తీస్కపోరే చెల్లె. నీకు తెల్వదా?" అన్నాడు.

తెలుసు. ఎండకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గోడకు, ఆమె తల ఆనించుకునే చోట, ఎన్ని సున్నాలు వేసినా పోని నూనె మరక కనిపిస్తోంది. దాని కింద నేల ఖాళీగా ఉంది.