స్కోరు బండ

పెద్దదినం నాడు బొజ్జన్న సమాధి మీద వేయాల్సిన బండ వాలీబాల్ కోర్టులో ఇరుక్కుపోయింది. తీసుకుపోదామని వచ్చిన ఆయన భార్య ఉరుకుందమ్మకు రెండు జట్లూ అడ్డం నిలబడ్డాయి.

"అక్కా, బండ మీద స్కోరుండాది. మ్యాచ్ ఐపోలేదు," అన్నాడు ఫ్యాక్టరీ జట్టు కెప్టెన్ ఖాసిం వలి.

"మీ అన్న ఐపోయినాడు కదప్పా!"

"మనిషి ఐపోయినా ఆట ఐపోదని అన్నే చెప్పేటోడు," అన్నాడు గని జట్టు కెప్టెన్ ఓబుళేశు.

అవతల శ్మశానంలో మేస్త్రీ ఏసేపు సిమెంటు కలిపేశాడు. ఎండ మండిపోతోంది. ఇంకాసేపైతే సిమెంటే బండవుతుంది.

బొజ్జన్న బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టేవాడు. పొద్దున మనిషిలా పోయి, సాయంత్రానికి తెల్లటి బురదబొమ్మలా తిరిగొచ్చేవాడు. ఒక్కరోజు పని మానింది లేదు. ఆ బురద ఆరకముందే కోర్టుకు ఉరికేవాడు. మోకాళ్లు అరిగాక ఆడటం మాని అంపైరయ్యాడు. అప్పట్నుంచి ఇంట్లోనూ మెడలో ఈల దిగలేదు. కూతురు శ్రావణి పుస్తకం పక్కన పెడితే ఒక ఈల, పప్పులో ఉప్పెక్కువైతే రెండు. ఉరుకుందమ్మ అలిగిన రోజు మాత్రం ఈల జేబులో వేసుకొని గిన్నెలు తోమేవాడు. ఒకసారి శ్రీశైలంలో దర్శనం వరుసలో తోసుకుంటున్న జనాన్ని చూసి గట్టిగా ఈల వేశాడు. పోలీసనుకొని అందరూ సర్దుకున్నారు. ఆ పూట దర్శనం బ్రహ్మాండంగా జరిగింది.

ఆ బండ కూడా ఆయన ఏరుకున్నదే. ఎక్కడా పగులు లేనిది చూసి, సెలవు రోజుల్లో ఒకవైపు అద్దంలా పాలిష్ పట్టి, "నేను పోయినాక దీన్ని నా మీదెయ్యండి," అన్నాడు. తర్వాత కోర్టుకు స్కోరు బోర్డు లేదని తెలిసింది. "నేను పోయేదాకా ఇది ఊరికే పడుండాల్నా?" అని దాన్ని అక్కడ నిలబెట్టాడు. నున్నటి ముఖం మీద సుద్దముక్క పారదు కాబట్టి స్కోరంతా గరుకు ముఖం మీదే.

గని జట్టుకూ ఫ్యాక్టరీ జట్టుకూ ఫైనల్ జరుగుతుండగా స్కోరు ఇరవైనాలుగు, ఇరవైనాలుగు దగ్గర ఆగింది. బంతి గీత పక్కన పడింది. బొజ్జన్న ఈల నోట పెట్టుకొని చేయెత్తాడు. చేయి ఎటు చూపిస్తాడా అని రెండు జట్లూ ఊపిరి బిగబట్టాయి. ఆయన ఆలోచిస్తున్నాడనుకున్నారు. ఓబుళేశైతే కాసేపు వాదించాడు కూడా. చేయి ఎటూ చూపకుండా కిందికి జారింది. మనిషీ జారాడు. ఆ జారడంలో చేయి తమవైపే వంగిందని ఇప్పటికీ రెండు జట్లూ అంటున్నాయి.

"సరే, ఆడి తెగ్గొట్టుకోండి," అంది ఉరుకుందమ్మ.

ఆడారు. రెండు పాయింట్ల తేడా వస్తే గానీ గెలుపు కాదు. చూసి చెప్పే అంపైరు లేడు. ప్రతి బంతీ ఒకరికి లోపల, ఇంకొకరికి బయట. ఒక్క పాయింటూ తేలక బండ మీది అంకెలు అలాగే ఉన్నాయి.

"మా, ఏసేపన్న ఫోను మీద ఫోను చేస్తాండాడు. సిమెంటు బిగిసిపోతాందంట!" అని శ్రావణి అరిచింది.

ఉరుకుందమ్మ కొంగున కట్టుకున్న ముడి విప్పింది. బొజ్జన్న ఈల. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమె ఊదింది లేదు. కళ్లు మూసుకొని ఊదేసరికి కోర్టు మొత్తం బిగుసుకుపోయింది.

"అవుట్!" అంది.

"ఎవరక్కా? మేమా, వాళ్లా?" అన్నాడు ఖాసిం వలి.

"మీరు కాదు, వాళ్లు కాదు. మా ఆయప్ప అవుట్. ఇంగ ఎత్తండి."

అంపైరు మాటకు ఎదురు లేదు. రెండు జట్లూ కలిసి బండెత్తాయి. సుద్ద చెరిగిపోతుందని ఒకరి మీద ఒకరు కసురుకుంటూ, శవాన్ని కూడా అంత పదిలంగా మోయలేదన్నట్టు మోసుకుపోయాయి.

ఏసేపు తిట్టుకుంటూ సిమెంటులో నీళ్లు పోసి మళ్లీ తిప్పాడు. "ఏ ముఖం పైకెయ్యాలమ్మా?"

"నున్నది పైకెయ్యి. స్కోరు కిందికి."

"కిందికేస్తే ఎవరికి కనపడతాదక్కా?" అన్నాడు ఓబుళేశు కంగారుగా.

"తేల్చాల్సినోడు కిందే ఉండాడు కదప్పా," అంది ఉరుకుందమ్మ.