గొప్పకు పోయి అన్న మాట

హిందూపురం పక్కన బట్టల ఫ్యాక్టరీలో నేను లైన్ సూపర్వైజర్ని. ఆరేండ్లు అదే లైన్‌లో కాలర్లు కుట్టి, పోయినేడాది సూపర్వైజర్ అయినా. మొదట్లో నా మాట ఎవరూ ఇనలా. నిన్నటిదాకా పక్క మిషన్ మీద కూర్చున్నది ఈరోజు నిలబడి పని చెప్తాంటే ఎవరికి నచ్చుతాది? "వచ్చిందమ్మో మేడమ్మ!" అని ఎగతాళి చేస్తాండ్రి. నాకు ఒళ్లు మండేది.

నా నోరు అసలే మంచిది కాదు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, ఆ చప్పుడులో అరిచి మాట్లాడేదే అలవాటు. ఎంత అరిచినా ఎవరూ లెక్కచేయలా. పెనుకొండ నుంచి బస్సులో వచ్చే అక్క ఒకామె ఉండాది. సాయిబుల ఇంటి మనిషి, లైన్‌లో అందరికంటే పెద్దది. "అరిస్తే ఏమొస్తాదే? ఖాళీ మిషనుంటే కూర్చుని నాలుగు కుట్టు, వాళ్లే ఇంటారు" అన్నాది. కుట్టినా. విన్నారు.

ఆ అక్కకు చూపు తగ్గింది. గంటకు కుట్టాల్సిన కాలర్లలో సగం కూడా అయ్యేవి కావు. అటు పక్కామె నాలుగు, ఇటు పక్కామె నాలుగు, తాము కుట్టినవి ఆమె కట్టలోకి జరిపేవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పి చేసింది కాదు. ఆమె మొగుడు మంచాన పడినాడు, ఈ పని పోతే పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. ఒకప్పుడు నేనూ జరిపినదాన్నే. సూపర్వైజర్ అయినాక చూసీ చూడనట్లు ఉన్నా. అందుకే నన్ను నమ్మినారు.

ఒకరోజు మీటింగులో మేనేజర్ "మీ లైన్ ఒక్కటే గొడవ లేకుండా పోతాంది, ఎట్లా చేస్తాండావమ్మా?" అన్నాడు. అంతమందిలో పొగిడేసరికి నేను ఉబ్బిపోతి. "మా వాళ్లు ఒకరికొకరు చేసుకుంటారు సార్. పెద్దక్కకు చూపు సరిగ్గా లేదా, తలా నాలుగు కుట్టి ఇస్తారు" అని నగుతా చెప్పినా. ఆయన కూడా నగి, ఏదో రాసుకున్నాడు.

సోమవారం నుంచి అక్కను రావద్దన్నారు. మేనేజర్ కాడికి పోయి బతిమాలితే "రూలమ్మా" అన్నాడు. నా నోరు పడిపోను! మీటింగులో ఉన్న పక్క లైన్ ఆమె ద్వారా మా వాళ్లందరికీ తెలిసిపోయింది. ఒక్కరూ నన్ను తిట్టలా. తిట్టింటే బాగుండు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పి, ఎప్పటిలాగే నాకూ ఇంత ఊరగాయ వేసినారు. తిన్నా. రుచి తెలీలా. ఏడుపూ రాలా. పని మాత్రం నడుస్తానే ఉండాది.

రెండు నెలలకు పెండ్లికని పెనుకొండకు పోతే, బస్టాండులో అక్క కనిపించి చేయి పట్టుకున్నాది.

"నా సంగతి ఎవరో మేనేజర్‌కు చెప్పినారంట. మనోళ్లందరికీ ఫోన్ చేసి అడిగినా, ఎవరికీ తెలీదంట. నీకన్నా తెలుసునా?"

అందరికీ తెలుసు. ఒక్కరూ నా పేరు చెప్పలా.

"తెలీదక్కా" అన్నా.

"పోనీలే. మా పెద్దపాప టైలరింగ్ నేర్చుకున్నాది. నీ లైన్‌లోనే వేసుకో. నీ కాడైతే నాకు దిగులుండదు."

"సరేనక్కా" అన్నా.

ఆ పాప ఇప్పుడు మా లైన్‌లోనే కుడతాండాది. వాళ్లమ్మ పని ఎవరి నోటి వల్ల పోయిందో, ఆ పాపకు తప్ప అక్కడ అందరికీ తెలుసు.