ఆకుపచ్చ తువ్వాలు, మధ్యలో ముడి

దెయ్యాలు లేవని నిరూపించడానికి కె.కోటపాడు శ్మశానంలో ఊరందరి ముందు కూర్చుని పులిహోర తిన్నదాన్ని నేను. ఈ రోజుకీ లేవనే అంటాను. ఇది చదివి ఎవరైనా తాయెత్తు కట్టుకుంటే ఆ తప్పు నాది కాదు.

నాకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్ అయి రెండేళ్లు. మూడు నెలలకోసారి చోడవరం నుంచి విశాఖ వెళ్లి చూపించుకోవాలి. రిటైరైన టీచర్ని, మూఢనమ్మకాల మీద ఊరూరా మాట్లాడినదాన్ని, ఇరుగుపొరుగుకి మాత్రం బీపీ అని చెప్పాను. అందుకే ఎప్పుడూ ఒంటరిగానే వెళ్లేదాన్ని.

ఆసుపత్రిలో నాకున్న ఒకే ఒక్క మనిషి దేవరాపల్లి రమణమ్మ. అదే జబ్బు, అవే తేదీలు. ముక్కుకి రెండు వైపులా పుడకలు. అక్కడ కుర్చీల వరసే క్యూ. ముందొచ్చినవాళ్లు ఏదో ఒకటి వేసి చోటు పట్టుకుంటారు. రమణమ్మ తన ఆకుపచ్చ తువ్వాలు మధ్యలో ముడి వేసి రెండు కుర్చీల మీద పరిచేది.

"ఆ కొస నీది, ఈ కొస నాది. ఎవులైనా కూకున్నారో, నా నోటికి దొరికిపోతారు టీచరమ్మా!"

మొన్న వేసవిలో పరీక్షకి వారం ముందు మళ్లీ రక్తపు మరకలు కనిపించాయి. భయపడి వెళ్లలేదు. తేదీ దాటిపోయింది. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా. ఒక గురువారం అనకాపల్లిలో పనుండి విశాఖ బస్సెక్కాను. అక్కడ దిగకుండా అలాగే కూర్చుండిపోయాను. ఆసుపత్రికి వెళ్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

చేరేసరికి పదకొండయింది. కుర్చీలన్నీ నిండిపోయాయి. చోటు లేదన్న సాకు దొరికింది కదా అని వెనక్కి తిరిగాను. ఒక ముసలామె కేకేసింది.

"ఓలమ్మా, సోడవరం టీచరమ్మవి నువ్వేనా? నీ కుర్సీ కోసం పొద్దున్నించీ తగువులే. ఎక్కడికెళ్లిపోతన్నావు?"

రెండు కుర్చీలు. ఆకుపచ్చ తువ్వాలు. మధ్యలో ముడి.

ఎవరు వేశారని అడిగాను.

"ముక్కుకి రెండేపులా పుడకలున్నావిడ. నువ్వొస్తావని సెప్పి ఎలిపోనాది."

నా వంతు వచ్చేదాకా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపింది. పది రోజులకి రిపోర్టు వచ్చింది. జబ్బు తిరగబెట్టింది. చిన్నదిగా ఉండగానే దొరికింది కాబట్టి ఆపరేషన్ చేయొచ్చంది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఆ మాట అనలేకపోయేదట.

తువ్వాలు ఇచ్చేద్దామని దేవరాపల్లి వెళ్లాను. రమణమ్మ కూతురు దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మ పోయి నెల దాటింది టీచరమ్మా. ఈ తువ్వాలే కదా, పాడె మీద తలకింద ఎట్టేము!"

అంటే నేను ఆసుపత్రికి వెళ్లేనాటికి ఆమె పోయి మూడు వారాలు.

అలాంటి తువ్వాళ్లు ఏ సంతలోనైనా దొరుకుతాయి. ముడి వేసే అలవాటు ఆమెను చూసి ఇంకొకరు నేర్చుకుని ఉండొచ్చు. రెండు వైపులా పుడకలు మా ప్రాంతంలో ఎందరికో ఉంటాయి. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ గురువారం నేను వస్తానని ఎవరికి తెలుసు? ఇప్పటికీ జవాబు దొరకలేదు. దొరకలేదని ఒప్పుకోవడం కూడా హేతువాదమే.

ఆపరేషన్ తర్వాత మొదటి పరీక్షకి తొలి బస్సులో వెళ్లాను. ముడి విప్పకుండానే తువ్వాలు రెండు కుర్చీల మీద పరిచాను.

"ఆ కొస ఎవులికమ్మా?" అని ఒకావిడ అడిగింది.

వస్తుందన్నాను.