ఇరీనా ఎవరి మనిషి?

నిన్న పొద్దున మా ల్యాబ్ గ్రూపులో మెసేజ్ చూసి, వేరే ఇరీనా ఎవరో అనుకున్నాను.

మా ల్యాబ్‌లో ఇరీనా ఒక్కతే.

ఇక్కడే, ఈ పరాయి దేశంలో, క్లెమెంటి వైపు తన గదిలో నిద్రలోనే పోయిందట. గుండె అంటున్నారు. మొన్న సాయంత్రం హాకర్ సెంటర్ తిండికొట్ల దగ్గర టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాకని ఆపి ఉంచి, నా కోసం ఎదురుచూసిన మనిషి!

ఏమిటిది అసలు?

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇరీనాది మాల్డోవా. సోవియట్ యూనియన్ ముక్కలైనప్పుడు విడిపోయిన చిన్న దేశం. అమ్మానాన్న ఎవరో తెలీదు. గవర్నమెంట్ అనాథాశ్రమంలో పెరిగింది. తిండి, కోటు, బూట్లు, చదువు, అన్నీ గవర్నమెంటువే. పుట్టినరోజు మాత్రం ఆ నెలలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒకే కేకు.

ల్యాబ్‌లో మేం మొదటిసారి తన ఒక్కదాని కోసం కేకు తెచ్చినప్పుడు, కొవ్వొత్తి ఊదకుండా తలుపు వైపు చూస్తూ నిలబడింది. ఇంకా ఎవరు రావాలి అని అడిగింది. అందరం నవ్వేశాం. ఇంటికొచ్చాక నాకు ఏడుపొచ్చింది.

పద్దెనిమిదేళ్ళు నిండగానే బయటికి పంపించి, ఇల్లిస్తాం, లైన్లో ఉండమన్నారట. ఆ ఇల్లు ఇంతవరకూ రాలేదు. ఇక్కడే హౌగాంగ్‌లో మా ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు, వంటింట్లో నిలబడి ఆ మాట చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లల్ని పెంచి రోడ్డు మీద వదిలేస్తారా? అదేం దిక్కుమాలిన గవర్నమెంట్!" అన్నాను.

అంతే, మొహం ఎర్రగా అయిపోయింది.

"మీ అమ్మని నేనెప్పుడైనా తిట్టానా?" అంది.

ఆ కోపం నాకు అప్పుడు అర్థం కాలేదు.

నిన్న మధ్యాహ్నం వాళ్ళ ఎంబసీ నుంచి ఫోన్. రికార్డుల్లో బంధువులెవరూ లేరట. గవర్నమెంట్ ఖర్చుతో వాళ్ళ దేశానికి తీసుకెళ్తామన్నారు. లేదంటే అంత్యక్రియలు ఇక్కడే మీరు చేసుకుంటారా అన్నారు. మీరు ఆమెకేమవుతారు అని కూడా అడిగారు.

ఫ్రెండ్‌ని అన్నాను. ఆ మాట సరిపోలేదనిపించింది.

మనకైతే ఎవరైనా పోతే ఇంటికెళ్ళి పరామర్శిస్తాం. ఇరీనా కోసం నేను ఎవరింటికి వెళ్ళాలి? ఎవరి చెయ్యి పట్టుకోవాలి?

అప్పుడే అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసింది. మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఇరీనాకి కొసరి కొసరి వడ్డించిన మనిషి.

"ఎంత పనైపాయ పాపా! ధైర్యంగా ఉండు. పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?" అంది.

అమ్మ నన్నే పరామర్శిస్తోంది.

ఎంబసీ సంగతి చెప్పాను. "ఆ దేశంలో ఆ పిల్ల కోసం ఏడ్చేటోళ్ళు ఎవురుండారు? నువ్వు ఏడుస్తాండావు గదా. నీ కాడనే జరగనీ" అంది.

సరేనని ఎంబసీకి చెప్పేశాను. రేపు మధ్యాహ్నం ఇక్కడే అంత్యక్రియలు. తనని తెలిసినవాళ్ళు దయచేసి రండి.

చెప్పేసిన దగ్గర్నుంచి ఒకటే భయం. నిన్ను పెంచిన ఆ దేశానికి, మీ అమ్మ దగ్గరికి పోనివ్వకుండా అడ్డుపడ్డానా ఇరీనా? తప్పయితే నువ్వే కోప్పడి చెప్పేదానివి. ఇప్పుడు ఎవర్ని అడగాలో తెలీడం లేదు.

హాయిగా పడుకో తల్లీ. నీ మనసు చల్లగా ఉండాలి.