చెరువు ఒడ్డున తెల్ల పంచెలు

ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, చెరువులో నీళ్ళెంత, గుర్రపుడెక్క ఎంత, మురికినీళ్ళు కలిసి పొంగే తెల్ల నురగ ఎంత అని తేల్చడం నా ఉద్యోగం. బెంగళూరులో ఈ పనికి కరువు లేదు. లెక్క సరిచూసుకోవడానికి, ఉపగ్రహం చెరువు మీదుగా పోయే పూటకి నేనూ అక్కడ ఉంటాను.

ఒకసారి మారతహళ్ళి అవతలి చెరువుకి మా మామ కూడా వచ్చాడు. ఆయనకి కాటన్‌పేటలో పంచెల హోల్‌సేల్ అంగడి ఉంది.

"ఫొటోలో నేను పడతానా అప్పా?" అన్నాడు.

"పడవు మామా. అందులో ఒక్క చుక్కంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న నేల."

"అంతేనా? మన దగ్గర బట్టకి కొదవా!"

మళ్ళీ ఉపగ్రహం వచ్చే రోజుకి ఆటో నిండా తెల్ల పంచెల తానులు వేసుకొచ్చి, ఒడ్డున ఖాళీ నేల మీద పక్కపక్కనే పరిపించాడు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు పెళ్ళి ఎవరిదని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ దర్జాగా నిలబడ్డాడు.

ఫొటో వచ్చింది. ఒడ్డున తెల్ల చుక్కలు స్పష్టంగా కనబడుతుంటే మామ మురిసిపోయాడు. చుక్క చుక్కకీ అదేంటో పేరు పెట్టే నా కంప్యూటర్ ప్రోగ్రామ్ వాటికి పెట్టిన పేరు చదివి వినిపించాను: నురగ.

"రేపే సరిచేస్తాను మామా" అన్నాను రోషంగా.

"దాన్ని ముట్టుకోవద్దప్పా" అన్నాడు. "ఈ ఊర్లో చెరువు పక్కన తెల్లగా ఉండేది ఏందో దానికి బాగా తెలిసుండాది."