ఏడు చరణాల పాట

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. మా బాపు రైల్వేలో ఫిట్టర్. రోజూ దీపాలు పెట్టే వేళకు చాప పరిచి కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్లం. చర్చి పాటల పుస్తకంలోంచి ఏ పాట పాడాలో చెప్పే పని నాది. ఇంట్లో నాకున్న అధికారం అదొక్కటే కాబట్టి, పదిహేనేళ్ల వయసులో దాన్ని తెగ చెలాయించేదాన్ని.

పక్కింట్లో ఒక అక్క, ఆమె భర్త ఉండేవారు. అతను పని నుంచి తాగి వచ్చేవాడు. ఆ తర్వాత గోడ అవతల ఏం జరిగేదో వాడకట్టంతటికీ తెలుసు. ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మ కూడా "దేవుడు చూస్తుండు" అని మళ్లీ పొయ్యి వైపు తిరిగేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. చూసి ఏం చేస్తున్నాడట?

ఒకరోజు నల్లా దగ్గర ఆ అక్క నా పక్కన చేరి మెల్లగా అంది.

"బిడ్డా, పొద్దుమూకి జర పొడుగు పాట పాడున్రి. దేవుని పాట ఇనబడినంతసేపు మా ఆయన చెయ్యెత్తడు. ఏ దేవుడన్నా భయమే. గట్లనే కూసొని నిద్రపోతడు. మీ ఇంట్ల చెప్పకు, నా ఇజ్జత్ పోతది."

ఆనాటి నుంచి ఏడు చరణాలకు తక్కువ పాట నేను ఎంచలేదు. "మా పొల్లకు భక్తి మస్తు పెరిగింది" అని బాపు మురిసిపోయాడు. నా చెవులు మాత్రం గోడకే ఉండేవి. అవతల గురక వినిపిస్తే నా ప్రాణం కుదుటపడేది.

వానాకాలంలో ఒక సాయంత్రం ఎదురింటి రేడియోలో నాటకం ఉంది. వారం నుంచి దానికోసం కాచుకుని ఉన్నాను. రెండు చరణాల పాట చెప్పాను.

"ఏంది, గింతేనా?" అన్నాడు బాపు.

"గొంతు నొస్తుంది బాపూ."

ప్రార్థన ముగియగానే చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. అది హాస్య నాటకం. కడుపుబ్బ నవ్వాను.

మర్నాడు నల్లా దగ్గర ఆ అక్క తల చుట్టూ, ఎడమ చెవి మీదుగా గుడ్డ కట్టుకుని ఉంది. ఆ చెవి ఆమెకు మళ్లీ వినబడలేదు. నన్ను చూసి, "గొంతు తగ్గిందా బిడ్డా?" అని అడిగింది. నా అబద్ధం గోడ అవతలికి వినిపించింది. ఆమె దాన్ని నమ్మింది కూడా. తగ్గిందన్నట్టు తలూపి బిందె ఎత్తుకున్నాను.

కొన్ని నెలలకు వాళ్లు చాంద్రాయణగుట్ట వైపు ఇల్లు మారారు. సామాను రిక్షా ఎక్కాక ఆమె వెనక్కి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు నాకోసం పాడినవన్నీ దేవుడు చూసిండు బిడ్డా. ఆయన మర్వడు."

అమ్మ అన్నప్పుడు మండినట్టు ఆ మాటకు నాకు మండలేదు. ఆయన చూశాడని నాకు ఏ అనుమానమూ లేదు. గోడ అవతల ఆమెనూ చూశాడు, ఎదురింటి అరుగు మీద నవ్వుతున్న నన్నూ చూశాడు. ఇన్నేళ్లయినా ప్రార్థనలో కళ్లు మూసుకోవాలంటే నాకు భయం.