పక్కటెముకల సందులోంచి గుండె దాకా

ఆ రోజు మంచినీళ్ల బిందె ఎత్తుకుని వస్తూ మా ఇంటి మెట్టు ఎక్కలేక కూలబడ్డాను. ఊపిరి అందలేదు. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది. లోపల చీర నేస్తున్న మా ఆయన రామాంజి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందిమే? మొగమంతా నల్లగైపోయిండాది!"

మాది ధర్మవరం. పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరం చెరో మగ్గం మీద పట్టుచీరలు నేసేవాళ్లం. ఆయాసం అంతకుముందూ ఉండేది. రక్తం తక్కువేమోనని బలం మాత్రలు మింగేదాన్ని. ఈసారి అనంతపురంలో గుండెకు ఎకో స్కాన్ తీయించాం.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచాయా అమ్మా?" అని డాక్టరు అడిగారు.

వాచాయి. నాయన పసరు కట్టించాడు. గుండెలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే మైట్రల్ వాల్వ్ అప్పుడే దెబ్బతిన్నదట. ఇప్పుడు బాగా బిగుసుకుపోయిందన్నారు.

బెంగళూరులో సర్జన్ రిపోర్టులు చూశారు. "ఎదఎముక కోయనక్కర్లేదు. కుడి రొమ్ము కింద చిన్న కోత పెట్టి, ఎండోస్కోప్ కెమెరాలో చూస్తూ చేస్తాం. రిపేర్ కుదరకపోతే మెటల్ వాల్వ్ వేస్తాం," అన్నారు. చిన్న కోత అన్న మాటకే మా ఇద్దరి ప్రాణం లేచొచ్చింది.

రిపేర్ కుదరలేదు, మెటల్ వాల్వే వేశారు. ఐసీయూలో కళ్లు తెరిస్తే నోట్లో ఒక గొట్టం, పక్కటెముకల మధ్య ఇంకొకటి. దగ్గితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే మళ్లీ ఆయాసం. ప్లూరల్ ఎఫ్యూజన్ అని చెప్పి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు.

చూడ్డానికి వచ్చిన మా ఆడబిడ్డ మచ్చ చూపించమంది.

"ఇంతేనా వదినా? గుండె ఆపరేషనంటే ఏమో అనుకుంటిమి! ఇంక మగ్గమెక్కొచ్చులే."

"దానికి ఊపిరే ఆడకుండాది, మగ్గం యాడెక్కుతాది? నువ్వు గమ్మునుండు," అని మా అత్త కసిరింది.

అయినా ఒకరోజు ఎవరూ లేనప్పుడు మగ్గం గుంతలోకి దిగాను. కాలితో తొక్కుతూ, అడ్డదారం మోసే నాడె విసిరాను. కాసేపటికే కళ్లు తిరిగి, నేస్తున్న చీర మీదికే ఒరిగిపోయాను. రామాంజి వచ్చి లేపాడు. తిట్టలేదు.

తర్వాతి చెకప్‌కు బెంగళూరు వెళ్తే డాక్టరు మెల్లగా చెప్పారు. "వాల్వ్ బాగా పనిచేస్తోందమ్మా. కానీ ఊపిరితిత్తుల్లో ప్రెషర్ చాలాకాలంగా ఎక్కువుంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా తగ్గలేదు. మునుపటి బలం రాకపోవచ్చు."

బస్సు ధర్మవరం దగ్గరికొచ్చింది. అప్పుడు రామాంజి, "పోనీలేమే. మనిషివి మిగిలినావు," అన్నాడు. అని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నా మగ్గం విప్పేశాం. గుంత పూడ్చి బండలు పరిపించాం. ఇప్పుడు నా మంచం అక్కడే. ఒంట్లో బాగున్న రోజు ఆయనకు కండెలకు దారం చుట్టి ఇస్తాను. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటూ, డాక్టరు చెప్పినప్పుడల్లా, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటున్నాను. ఆయన మగ్గం ఆపినప్పుడు, ఛాతీలో వాల్వ్ టిక్కుమనడం నాకు వినిపిస్తుంది.

కోత ఎంత పడుతుందని అందరమూ అడుగుతాం. మీరు రోజూ చేసే పని ఏమిటో, దానికి ఒంట్లో ఎంత బలం కావాలో కూడా ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు వివరంగా చెప్పండి. తర్వాత ఆ పని చేయగలరో లేదో అడగండి. మేము అడగలేదు. పాపం, ఆ బెంగళూరు సర్జన్ ఎన్నడూ మగ్గం చూసి ఉండరు.